ఒడిశా బరంపురంలో పాటలు పాడే మా చెల్లికి లోగో, పోస్టర్లు, ఫొటోలు అన్నీ చేయించాం, పూర్తి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, మాకు పని నచ్చింది, ఇచ్చిన డబ్బుకి న్యాయం చేశారు, కానీ లేటు మాత్రం బాగా చేశారు, ఆ సంగతి కూడా కిందన రాస్తాను. పొడుగ్గా రాస్తున్నా ఎందుకంటే మా వైపు పాడే పిల్లలు చాలామంది ఉన్నారు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఇటు పాతపట్నం, టెక్కలి, అందరూ ఎవరో ఒకరికి ఐదారు వేలు ఇచ్చి పోస్టర్లు చేయించుకుని తర్వాత బాధపడుతున్నారు. మేం కూడా అలా బాధపడ్డవాళ్ళమే.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా బోర్డరు పక్కనే. ఇంట్లో తెలుగు, బజారులో తెలుగూ ఒడియా రెండూ. మా తాత జముకుల కథ చెప్పేవాడు. జముకు తెలీని వాళ్ళకి చెప్తున్నా, అది గొట్టం లాంటి వాయిద్యం, ఒక వైపు తోలు బిగించి ఉంటుంది, తోలు మధ్యలోంచి తీగ వస్తుంది, ఆ తీగని లాగి పట్టుకుని మీటుతూ ఉంటే జుం జుం అని మాట్లాడినట్టే పలుకుతుంది. మా చెల్లి ఆ జముకు పక్కన గిటారూ కీబోర్డూ పెట్టి పాడుతుంది, జానపదమే గానీ ఇప్పటి పిల్లలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినేలా, ఫోక్ పాప్ అంటున్నారు కదా, అదే. పల్లవి తెలుగు, మధ్యలో ఒక చరణం ఒడియా. చెల్లి పేరు ఇక్కడ పెట్టట్లేదు, ఇది పబ్లిసిటీ కోసం రాస్తున్నది కాదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే ఒక్కో పాటకి ఒక్కో వేషం. మొదటి పాట థంబ్‌నెయిల్ మీద పసుపు అంచున్న ఎర్ర అక్షరాలు, రెండో దానికి నీలం నియాన్ లైట్లు, మూడోది ఫ్రెండు ఎవరో చేసిచ్చిన కార్టూన్ బొమ్మ. ఇన్‌స్టాలో పేరు ఇంగ్లీషులో ఒకలా, యూట్యూబ్‌లో తెలుగులో ఇంకోలా. కాశీబుగ్గలో ఒక పెళ్ళికి వెళ్తే ఒకావిడ, మూడు పాటలూ విన్నానమ్మా బాగున్నాయి, ముగ్గురు వేరే వేరే పిల్లలు పాడారనుకున్నాను, అంది. చెల్లి ఆ రాత్రంతా ముభావంగానే ఉంది. రెండేళ్ళ కష్టం ముగ్గురికి పంచిపెట్టినట్టు అయిపోయింది కదా మరి.

సరే అని మొదట ఒక పెద్ద సిటీలో ఒక కంపెనీకి ఇచ్చాం, ఊరూ పేరూ వద్దు. ఫోన్లో మాట్లాడటమే, మనుషుల్ని చూసింది లేదు. పది రోజుల్లో ఒక ఫోల్డరు పంపారు. తెరిచి చూస్తే చెల్లి మొహం తెల్లగా ఉంది. లైటు పడి తెల్లగా కాదు, ఒళ్ళంతా రెండు మూడు షేడ్లు తగ్గించేశారు, మెడ దగ్గర పుట్టుమచ్చ కూడా లేదు. చెల్లి ఫోన్ నా చేతిలో పెట్టి, ఏటప్పా ఇది, నేను కాదు కదా, అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. దాని పాటల్లో సగం ఎండలో పనిచేసే ఆడాళ్ళ పాటలు, ఆ పాటలు పాడే పిల్లని తెల్లగా చేసి పెడితే ఇంక పాటకేం విలువ?

రెండోది అక్షరాలు. పేరులో ఒక ఒత్తు ఉంది, ఆ ఒత్తు అక్షరం కింద ఉండాల్సింది పక్కకి జరిగి విడిగా నిలబడిపోయింది, దీర్ఘం ఇంకో చోట. ఇలా ఎందుకు అవుతుందో అప్పుడు నాకు తెలీదు, బరంపురం షాపాయన తర్వాత చెప్పారు. పాత ఫొటోషాప్‌లో టైప్ సెట్టింగుల్లో మన భాషలకి వేరే లేఅవుట్ ఉంటుందట, అది ఆన్ చెయ్యకుండా తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులూ గుణింతాలూ విడిపోతాయి. తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ఒక్కసారి చూసినా పట్టేసేవారు, ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు.

మూడోది నాకు అన్నిటికంటే కష్టం అనిపించింది. పోస్టర్ చుట్టూ తెల్ల గీతలతో బొమ్మలు పెట్టారు, ట్రైబల్ టచ్ అండి, మీ ఏరియా సవర ఆర్టు, అన్నారు. సవరలంటే మా వైపు కొండల్లో ఉండే గిరిజనులు. చూస్తే అవి వర్లీ బొమ్మలు, రెండు త్రికోణాలు మొనలు కలిపి ఒళ్ళు చేస్తారు చూడండి, అవి. వర్లీ వాళ్ళది మహారాష్ట్రలో పాల్ఘర్, ఠాణే వైపు. సవర బొమ్మ ఒళ్ళు అంత కోసుగా ఉండదు, వాళ్ళు ముందు చుట్టూ అంచు గీసుకుని అక్కణ్ణుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. పోనీ నిజంగా సవర బొమ్మలే పెట్టినా మేం ఒప్పుకునేవాళ్ళం కాదు, ఎందుకంటే మేం సవరలం కాము. గోడ మీద ఆ బొమ్మ వాళ్ళు అందం కోసం వెయ్యరు, ఇంట్లో జబ్బు చేస్తేనో, పంట కోసమో, పోయిన పెద్దల కోసమో పూజతో వేస్తారు, ఆ దేవతకి అది ఇల్లు. 2024 జనవరిలో లాంజియా సవరల (సవరల్లో ఒక శాఖ) చిత్రాలకి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, అంటే ఇది ఫలానా చోటు వాళ్ళదే అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. ఒకరి దేవుడి ఇల్లు తెచ్చి ఇంకొకరి పోస్టర్‌కి అంచుగా పెట్టుకోవడం ఏ న్యాయం చెప్పండి. అడ్వాన్సు పోయింది, వదిలేశాం.

ఇంక బరంపురం సంగతి. మా పిన్ని కూతురు అక్కడే ఉంటుంది, అదే చెప్పింది, పట్టు నేసే వాళ్ళ వీధిలో ఒకాయన డిజైన్ చేస్తాడే, ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, వెళ్ళి చూడండి అని. పర్లాకిమిడి నుంచి బస్సులో నాలుగ్గంటల పైనే. ముందు గదిలో మూడు కంప్యూటర్లు, వెనక గదిలో ఇంకా మగ్గం ఉంది, వాళ్ళ నాన్నగారు నేసేవారట, ఇప్పుడు దాని మీద ఫ్లెక్స్ చుట్టలు పెట్టుకున్నారు. ఆయనకి యాభై దగ్గర ఉంటాయి, మేం అన్నయ్య గారూ అని పిలిచాం. ఆయన దగ్గర ఇద్దరు ఒడియా కుర్రాళ్ళు.

మొదటి రోజు ఆయన కంప్యూటర్ ముట్టుకోలేదు. పాటలన్నీ విన్నారు, కొన్ని రెండు మూడు సార్లు. తర్వాత జముకు వాయించమ్మా అన్నారు, మేం తేలేదు. అప్పుడు అన్నారు, అమ్మా ఈసారి వచ్చినప్పుడు ఇంట్లో పాత బట్టలు, పాత సామాను, పాపకి ఇష్టమైనవి, ఏమున్నా ఒక సంచిలో వేసుకుని రండి, మీకు కావల్సింది మీ ఇంట్లోనే ఉంటుంది, అని. నాకు ఆ రోజే నమ్మకం కుదిరింది. ఇంతకుముందు వాళ్ళు మాకు వేరే సింగర్ల పోస్టర్లు చూపించి ఇందులో ఏది కావాలి అని అడిగారు.

రెండోసారి మూట కట్టుకుని వెళ్ళాం. అమ్మ పెళ్ళి చీర, బరంపురం పట్టే, ముదురు మెరూన్ మీద పసుపు అంచు, ఆ అంచులో గుడి గోపురాల్లా పైకి లేచే మొనలు ఉంటాయి, ఇక్కడ ఫోడా అంటారు. తాత జముకు. అమ్మమ్మ దువ్వెన, మా ఊళ్ళో కొమ్ము పని చేసేవాళ్ళు చేసింది, పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు వినే ఉంటారు, నల్లగా నూనె రాసినట్టు మెరుస్తుంది.

చీరని ఆయన పెరట్లో దండెం మీద ఎండలో వేశారు, పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోమని నన్ను నిలబెట్టారు. కాగితం ఎందుకంటే ఫోన్ కెమెరా రంగుల్ని తనకి నచ్చినట్టు మార్చేస్తుంది, తెల్లది పక్కన ఉంటే ఎంత మారిందో తెలుస్తుంది, వెనక్కి సరిచేసుకోవచ్చు. ఆ ఫొటోలోంచి రెండు రంగులు తీశారు, మెరూను, పసుపు. మూడోది కొమ్ము దువ్వెన నలుపు. అంతే, మూడే. చెల్లి ఇంకో రెండు వేద్దాం, పింకు కావాలి అని గొడవ చేసింది, ఆయన ఒప్పుకోలేదు. పాపా నీ పాటలు పది అవుతాయి, ఇరవై అవుతాయి, రంగులు మూడే ఉంటే జనం ఆ రంగుల్ని నీకు రాసిచ్చేస్తారు, అన్నారు.

ఇక్కడ ఒక విషయం పాడే పిల్లలు అందరూ తెలుసుకోవాలి. ఫోన్లో కనబడే రంగు ఆర్‌జీబీ, ఫ్లెక్స్ మీద అచ్చయ్యేది సీఎంవైకే, రెండూ ఒకటి కావు. మా మెరూన్ ఫోన్లో చీరలాగే ఉంది, ఫ్లెక్స్ మీద కాఫీ పొడిలా వచ్చింది. ఆయన పూర్తి బ్యానరు కొట్టించకుండా ముందు అడుగు ముక్క ఒకటి కొట్టించారు, దాన్ని ఎండలో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చీర పక్కన పెట్టి చూశాం, మూడోసారికి కుదిరింది. రెండు కోడ్లూ వేరే వేరేగా రాసి ఇచ్చారు, ఏ ఊళ్ళో కొట్టించినా ఆ నంబర్లు చూపిస్తే చాలు.

లోగో గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే. ఆయన జముకుని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు, అటు తిప్పి ఇటు తిప్పి, తర్వాత తోలు వైపు మొహానికి ఎదురుగా పెట్టుకుని ఆగిపోయారు. అలా చూస్తే ఏం కనబడుతుంది? ఒక గుండ్రం, మధ్యలో తీగ ముడి, ముడిలోంచి బయటికి సాగే ఒక గీత. పక్కనున్న కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో గీశారు, గుండ్రం, చుక్క, గీత. అదే లోగో. అయ్యో ఇంతేనా అనుకున్నా ముందు. తర్వాత దాన్ని ఫోన్లో ప్రొఫైల్ బొమ్మ సైజులో చూపించారు, గోరంత ఉంది, స్పష్టంగా కనబడింది. ఆ సిటీ కంపెనీ వాళ్ళు ఇంతకుముందు ఇచ్చిన లోగోలో పువ్వులూ మైకూ నెమలీకా అన్నీ ఉన్నాయి, అదే సైజులో పెడితే మరకలా ఉంది. పైగా ఇన్‌స్టా, యూట్యూబ్ రెండూ ప్రొఫైల్ బొమ్మని గుండ్రంగానే కోసేస్తాయి, మన గుర్తే గుండ్రం కాబట్టి కోసినా పోయేదేం లేదు. అమ్మ చూసి మా నాన్న చేతిలో ఉండేదే కదా అని కళ్ళు తుడుచుకుంది.

అక్షరాల దగ్గర నాదొక పట్టుదల. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో గిడుగు అని ఒకటుంది, సిలికానాంధ్ర వాళ్ళు ఇచ్చినది, గిడుగు రామమూర్తి గారి పేరు మీద. గిడుగు వారు మా ఊళ్ళో రాజా వారి బళ్ళో పాఠాలు చెప్పారు, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు, మనం ఇప్పుడు ఇలా మాట్లాడే తెలుగులోనే రాసుకుంటున్నామంటే ఆయన పోరాటం వల్లే, 1936 లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. వాడుక భాషలో పాడే పర్లాకిమిడి పిల్ల పోస్టర్ మీద ఆయన పేరున్న ఫాంటు ఉండాలని నా కోరిక. అన్నయ్య గారు కాదనలేదు, కానీ ఆలోచించి సర్దారు. ఆ ఫాంటుకి ఒక్కటే మందం ఉంది, అన్నిటికీ దాన్నే వాడలేం, పాటల పేర్లకి, పోస్టర్ హెడ్డింగులకి అది. తేదీ, చోటు, ఫోన్ నంబరు లాంటి చిన్న అక్షరాలకి నోటో సాన్స్ తెలుగు, ఒడియాకి అదే కుటుంబంలో ఉన్న ఒడియా ఫాంటు, రెండూ పక్కపక్కన పెడితే ఒకటి లావు ఒకటి సన్నం కాకుండా సరిపోతాయి.

చెల్లి పేరు మాత్రం ఫాంటు కాదు, చేత్తో రాశారు, తెలుగులో, ఒడియాలో. రెండూ ఒకే కలంతో, ఒకే చేత్తో రాసినట్టు ఉండాలని వారం పట్టింది ఆయనకి. ఆయన చెప్పేదాకా నేను గమనించలేదు, మన రెండు లిపులూ గుండ్రమే, తాటాకు మీద గంటంతో రాసిన అక్షరాలు, అడ్డగీతలు గట్టిగా గీస్తే ఆకు చీలిపోతుందని గుండ్రంగా తిప్పారంటారు. ఒడియా అక్షరం పైన గొడుగులా ఒక వంపు ఉంటుంది, తెలుగుకి తలకట్టు. ఆ గొడుగునీ తలకట్టునీ ఒకే కోణంలో వంచారు, అంతే, రెండు పేర్లూ అక్కాచెల్లెళ్ళలా కనబడుతున్నాయి. ఒడియా వాళ్ళ ఊళ్ళో ఒడియా పోస్టర్, తెలుగు వాళ్ళ ఊళ్ళో తెలుగు పోస్టర్ అని వేరే వేరే చేసుకోవాల్సిన పని తప్పింది.

ఫొటోలు మహేంద్రతనయ నది ఒడ్డున తీశారు, పొద్దున్న ఆరింటికి. ప్రతి ఫొటోలో వెలుగు ఎడం వైపు నుంచే. ఒంటి రంగు ముట్టుకోనని ముందే మాటిచ్చారు, ముట్టుకోలేదు, పుట్టుమచ్చ ఉంది. బట్టల విషయంలో చెల్లికి జీన్స్ కావాలి, అమ్మకి చీర కావాలి. ఆయన కన్నడ ఫోక్ సింగర్ రఘు దీక్షిత్ ని చూపించారు, రంగురంగుల లుంగీ, కాళ్ళకి గజ్జెలు, ఏ స్టేజీ మీద చూసినా దూరం నుంచే ఆయనే అని తెలిసిపోతుంది, పాట మొదలవక ముందే. అలాగని ఆయన్ని కాపీ కొట్టొద్దు, నీకు నీది కావాలి అన్నారు. చివరికి తేలింది ఏంటంటే ఏం వేసుకున్నా ఆ ఫోడా అంచు ఒంటి మీద ఎక్కడో ఒక చోట కనబడాలి, చీర అవ్వొచ్చు, జీన్స్ మీద దుప్పట్టా అవ్వొచ్చు, జడలో కొమ్ము దువ్వెన ఉండాలి. రెండే రూల్సు. చెల్లి వెంటనే ఒప్పుకుంది.

తర్వాత ఇవన్నీ రెండు పేజీల కాగితం మీద రాసి ఇచ్చారు. థంబ్‌నెయిల్ 1280×720 పిక్సెళ్ళు, పేరు ఎప్పుడూ కింద ఎడం మూల, కుడి మూలలో ఏదీ పెట్టొద్దు ఎందుకంటే అక్కడ యూట్యూబ్ నిమిషాలు చూపించే పెట్టె వచ్చి కూర్చుంటుంది. ఛానెల్ బ్యానరు 2560×1440 చేసినా ఫోన్లో కనబడేది మధ్యలో 1546×423 ముక్కే, మొహం, పేరు అందులోనే ఉండాలి. పాట కవరు చదరం, 3000×3000. ఇన్‌స్టాలో 2025 మొదట్లో గళ్ళు చదరం నుంచి నిలువుకి మారాయి కదా, పాత పోస్టులన్నీ మూలలు తెగిపోయి కనబడుతుంటే వాటిని కూడా మళ్ళీ సర్దిచ్చారు. ఆ కాగితం మా ఇంట్లో ఫ్రిజ్ మీద అతికించి ఉంది.

ఇంక బాగోలేనివి. నెలలో ఇస్తామన్నది మూడు నెలలకి ఇచ్చారు. మధ్యలో ఠాకురాణీ యాత్ర, అమ్మవారి జాతర, వచ్చింది, బరంపురంలో రెండేళ్ళకోసారి నెల రోజులపాటు జరుగుతుంది, ఆ వీధి వాళ్ళకి అది ఇంటి పండగ, ఎవరూ కుర్చీలో కూర్చోరు. పండగ నేను తప్పుపట్టను, కానీ తేదీ ఒప్పుకునేటప్పుడే చెప్పుంటే మేం పాట రిలీజు వెనక్కి జరుపుకునేవాళ్ళం, ఫోన్లు ఎత్తకపోవడం మాత్రం నాకు చాలా బాధ అనిపించింది. ఇంకోటి, వీడియో మొదట్లో వచ్చే లోగో యానిమేషన్ బయట ఎవరికో ఇచ్చి చేయించారు, ఎనిమిది సెకన్లు, మెరుపులూ పొగలూ, మిగతా పనికి దానికి సంబంధమే లేదు. చెప్తే డబ్బులు తీసుకోలేదు గానీ మళ్ళీ చెయ్యలేదు, మేమే మూడు సెకన్లకి కోసుకుని వాడుతున్నాం. యానిమేషన్ కావాలంటే ఇక్కడికి వెళ్ళకండి.

ఖర్చు మొత్తం 22,000, ఫొటోలకి వేరే 6,000. సగం ముందు, సగం చివర. రెండు మార్పుల దాకా ఉచితం, ఆ పైన ఒక్కోదానికి 500. ఎడిట్ చేసుకునే అసలు ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి, లోగో మీదే అని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు, ఇది అడగాలని మాకు తెలీదు, ఆయనే ఇచ్చారు. మీరు ఎక్కడ చేయించుకున్నా ఇది అడిగి తీసుకోండి, జేపీజీలు మాత్రమే ఇస్తే రేపు ఒక అక్షరం మార్చాలన్నా మళ్ళీ వాళ్ళ కాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

ఇప్పుడు పాట వచ్చినప్పుడు ఒకప్పటి హడావుడి లేదు. మొన్న పాతపట్నంలో ప్రోగ్రాం, మేం ఆటో దిగేసరికి గేటు దగ్గర ఒక గుంటడు, ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, ఫ్లెక్స్ మీద గుండ్రాన్ని వేలితో తిప్పుకుంటూ నోటితో జుం జుం అంటున్నాడు. వాడికి చదవడం సరిగ్గా వచ్చో రాదో కూడా తెలీదు. చెల్లి వాడి పక్కన కూర్చుని జముకు చేతికిచ్చింది, ఒక పాట సేపు లేటుగా స్టేజీ ఎక్కాం.

కొత్త పాట కవరు ఈసారి షాపుకి ఇవ్వలేదు, చెల్లే ఆ రెండు పేజీలు ముందు పెట్టుకుని ఫోన్లో చేసుకుంది, రాత్రి పదకొండింటికి అన్నయ్య గారికి పంపింది. ఈసారి వెంటనే రిప్లై వచ్చింది, రంగు సరిపోయింది పాపా, పేరు కొంచెం కిందికి జరుపు, అని.